ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, మూడో రోజుకు నాన్న లేడు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది మెట్ట ప్రాంతంలో ఒక పల్లె. మా నాన్నకు 56 ఏళ్లు. నడుం నొప్పికి రెండేళ్లుగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్లలు వేసుకునేవాడు. ఒక శుక్రవారం రాత్రి ఉన్నట్టుండి కడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చింది. గ్యాస్ అని ఆర్‌ఎంపీ సూది వేశాడు. శనివారం తగ్గినట్టే అనిపించింది. ఆదివారానికి కడుపు ఉబ్బి చెక్కలా గట్టిపడింది. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, పేగుకు చిల్లు పడిందని పెద్దాస్పత్రికి రాశారు. వంద కిలోమీటర్లు. రాత్రి పదింటికి చేరాం. సోమవారం తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు, బాగా జరిగిందన్నారు. ఆ సాయంత్రం నాన్న మాట్లాడాడు, నీళ్లు అడిగాడు. సిస్టర్ ఇవ్వొద్దనడంతో తడిగుడ్డతో పెదాలు తుడిచానంతే. మంగళవారం రాత్రి ఆయాసం మొదలైంది. రెండుసార్లు వెళ్లి సిస్టర్‌కి చెప్పాను. ఆమె వచ్చి ఆక్సిజన్ పెట్టి వెళ్లింది. బుధవారం ఉదయం అయిదింటికి నాన్న పోయాడు.

పేదవాళ్లమని పట్టించుకోలేదు, కేసు వేస్తానంటున్నాడు తమ్ముడు. అరెకరం అమ్మి ప్రైవేటుకి తీసుకెళ్తే బతికేవాడేమో అని నా బాధ. ఇప్పుడు అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, రెండుసార్లు నొప్పి వచ్చింది, ఆపరేషన్ చేయించమన్నారు. ఆమెకి షుగర్ కూడా ఉంది. "మీ నాయన్ని పంపిన చోటికే నన్నూ పంపుతారా" అంటోంది. ఏం చెయ్యమంటారు? నాన్న నీళ్లడిగిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

— పేరు, ఊరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు రోజులూ గంటలూ రాసిన తీరు చూస్తే, వాటిని మనసులో ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నారో తెలుస్తోంది. నేను 31 ఏళ్లు ప్రభుత్వాస్పత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేశాను. ఆపరేషన్ తర్వాత మనిషి పోతే, ఆ ఇంటివాళ్లతో వరండాలో నిలబడి మాట్లాడాల్సిన వాళ్లలో నేనూ ఒకడిని. అక్కడ రెండు నిమిషాల్లో "మా ప్రయత్నం మేం చేశాం" అని చెప్పి వెళ్లిపోతాం. మీరు అడిగినవాటికి ఆ రెండు నిమిషాలు ఎప్పుడూ సరిపోవు. మీ నాన్న కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి ఫలానా డాక్టరుది తప్పు అని తీర్పు చెప్పను. కానీ మీరు రాసిన గంటల్లోనే చాలా సంగతి ఉంది.

ముందు ఆ శనివారం గురించి చెప్తాను, మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కోస్తున్నది అదే అనుకుంటున్నాను. నొప్పి తగ్గినట్టే ఉంటే ఎందుకు నమ్మాం అని కదా! నొప్పి బిళ్లలు నెలల తరబడి వేసుకుంటే జీర్ణాశయం లేదా దాని కిందే ఉన్న పేగు లోపలి పొర దెబ్బతిని పుండు పడొచ్చు. ఆ పుండు ఒకరోజు చిల్లయి, జీర్ణాశయంలోని ఆమ్లం ఒక్కసారిగా పొట్టలోకి చిమ్ముతుంది. మీ నాన్నకి కత్తిపోటులా అనిపించింది అదే. తర్వాత కొన్ని గంటలకి పొట్టలో ఊరే నీరు ఆ ఆమ్లాన్ని పలుచన చేస్తుంది. నొప్పి నిజంగానే తగ్గుతుంది. మనిషి లేచి కూర్చుంటాడు, కాస్త మాట్లాడతాడు. లోపల మాత్రం చీము పడుతూ ఉంటుంది. ఈ మధ్య దశ గురించి వైద్య విద్యార్థులకి ప్రత్యేకంగా పాఠం చెప్తాం, ఎందుకంటే చదువుకున్న డాక్టర్లే ఇక్కడ మోసపోతారు. దానికి తోడు నొప్పి సూది పడింది. మీరు మోసపోవడంలో వింత లేదు.

కానీ ఆ గంటలకి ఖరీదు ఉంది, అది దాచను. డెన్మార్క్‌లో ఇదే జబ్బుతో ఆపరేషన్ అయిన 2,600 మందికి పైగా రోగుల లెక్కలు చూశారు. ఆస్పత్రికి వచ్చాక ఆపరేషన్ ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం 2.4 శాతం చొప్పున తగ్గుతూ పోయింది. అన్ని వసతులూ ఉన్న దేశంలో, ఆస్పత్రి లోపల ఆలస్యానికే అంత. మీ నాన్న నొప్పి మొదలైన రెండు రోజులకి, ఆర్‌ఎంపీనీ, ఒక ఆస్పత్రినీ దాటి, వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చాడు. ఒంట్లో నీరు ఇంకిపోయి, చీము విషం రక్తానికి ఎక్కిన స్థితిలో బల్ల మీదికి చేరి ఉంటాడు. ఆ స్థితిలో వచ్చిన వాళ్లకి నేను మత్తు ఇచ్చాను. సూది మందు ఎక్కిస్తుంటే చేతికింద నాడి జారిపోవడం తెలుస్తుంది. అలాంటి మనిషి బల్ల మీద పోకుండా, ఆపరేషన్ పూర్తయి, ఆ సాయంత్రం మీతో మాట్లాడాడంటే, ఆ తెల్లవారుజామున థియేటర్లో ఉన్నవాళ్లు పని గట్టిగానే చేశారని నేను నమ్ముతాను. "బాగా జరిగింది" అన్నది అబద్ధం అయ్యుండదు. చిల్లు మూశారు, పొట్ట కడిగారు, వాళ్లు చెప్పింది అదే. కానీ చిల్లు మూయడంతో జబ్బు పోదు. రక్తానికి ఎక్కిన విషం ఆ తర్వాత రెండు మూడు రోజులు ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ గుండెనీ పట్టి లాగుతుంది. అసలు గండం వార్డులోనే మొదలవుతుంది. ఇది మీతో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది.

అరెకరం సంగతి. ఆదివారం మధ్యాహ్నం మీరు పొలం బేరం పెట్టి ఉంటే ఇంకో రోజు పోయేది. పట్టణాల్లో చిన్న ప్రైవేటు నర్సింగ్ హోములు ఇలాంటి కేసు చేర్చుకోవు, వాళ్లూ పెద్దాస్పత్రికే పంపుతారు. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి అయితే ఐసీయూ పడక, వెంటిలేటర్ దొరికి ఉండేవి, ఆ తేడా ఉన్నమాట నిజం. బతికేవాడా అంటే అప్పటికే సగం చేయి దాటిన కేసు అని మాత్రమే చెప్పగలను. ఆపరేషన్ల ఖర్చుతో ప్రపంచంలో ఏటా 3 కోట్ల 30 లక్షల మంది ఆర్థికంగా కుప్పకూలుతున్నారని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క వేసింది. మీ ఇల్లు కూడా అందులో చేరి, మనిషీ దక్కకుండా పోయేందుకు చాలా అవకాశం ఉంది. అలా రెండూ పోగొట్టుకున్న ఇళ్లు నేను చూశాను. పొలం అమ్మకపోవడం నాన్న మీద ప్రేమ తక్కువై కాదు.

ఇక మంగళవారం రాత్రి. మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది ఆ రాత్రే.

జనం అనుకునేది ఏమిటంటే, ఆపరేషన్‌లో చావంటే కత్తి కింద, లైట్ల కింద, మత్తులో పోవడం. ఒకప్పుడు అది చాలావరకు నిజం. ఇప్పుడు కాదు. ఆఫ్రికాలో 25 దేశాల 247 ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయిన 11 వేల మందికి పైగా రోగుల్ని గమనించి 2018లో ఒక అధ్యయనం వేశారు. చనిపోయిన ప్రతి వందమందిలో 94 మంది ఆపరేషన్ రోజు దాటాకే పోయారు. అక్కడి రోగులు వయసులో చిన్నవాళ్లు, మిగతా జబ్బులు తక్కువ ఉన్నవాళ్లు. అయినా ప్రపంచ సగటుకి రెండింతలు పోయారు. అంతకు ముందు 2009లో అమెరికాలో 84 వేల మంది రోగుల లెక్కలు తీస్తే ఇంకో సంగతి బయటపడింది. మరణాలు తక్కువ ఉన్న ఆస్పత్రుల్లోనూ, ఎక్కువ ఉన్న ఆస్పత్రుల్లోనూ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు దాదాపు ఒకే స్థాయిలో వస్తున్నాయి. కానీ పెద్ద ఇబ్బంది వచ్చినవాళ్లలో మంచి ఆస్పత్రిలో పోయినవాళ్లు 12.5 శాతం, చెడ్డ ఆస్పత్రిలో 21.4 శాతం. అంటే చీము పట్టడం, రక్తం కారడం, ఊపిరి అందకపోవడం ఎక్కడైనా వస్తాయి. వచ్చిన గంటలో ఎవరైనా గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చారా లేదా అన్నదాంట్లోనే మనిషి ఉండటం, పోవడం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి జరిగింది చెప్తాను. ఇరవై రెండేళ్ల అమ్మాయికి సిజేరియన్. మత్తు నేనే ఇచ్చాను. అంతా సాఫీగా అయింది. బిడ్డ ఏడ్చింది, కుట్లు వేశారు, వార్డుకి పంపాం. తర్వాత ఇంకో కేసు చేసి నేను క్వార్టర్స్‌కి వెళ్లి పడుకున్నాను. తెల్లవారుజామున పిలుపొచ్చింది. వెళ్లేసరికి ఆ అమ్మాయి కాళ్లు చేతులు చల్లబడి, పెదాలు సున్నంలా తెల్లగా ఉన్నాయి. లోపల రక్తం కారింది. మళ్లీ థియేటర్‌కి తోసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆ తర్వాత కేస్ షీట్ తీసి చూశాను. రాత్రి 10, 12, 2, 4 గంటలు — నాలుగు గడుల్లోనూ ఒకటే అంకెలు. నాడి 84, బీపీ 110 బై 70, శ్వాస 18. నాలుగూ ఒకే చేతి రాత, ఒకే సిరా, ఒకే ఊపులో రాసినవి. ఆ సిస్టర్ చెడ్డ మనిషి కాదు. ఆ రాత్రి రెండు వార్డులకి కలిపి ఆమె ఒక్కతే. "కోడలు చల్లగా అయిపోతోందమ్మా" అని ఆ అమ్మాయి అత్తగారు మూడుసార్లు వెళ్లి చెప్పిందట. చలికాలం కదా, దుప్పటి కప్పమని చెప్పి పంపారు.

మీరు రెండుసార్లు వెళ్లానని రాస్తే నాకు ఆ అత్తగారు గుర్తొచ్చింది. మీరిద్దరూ సరిగ్గానే పట్టుకున్నారు. చదువు లేకపోయినా కళ్లతో చూసి, వేలితో తాకి, ఏదో తేడాగా ఉందని గుర్తుపట్టారు. వినాల్సిన చోట వినేవాళ్లు లేరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాస్పత్రి వార్డులో మూడు పడకలకి ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదు పడకలకి ఒక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో నేను చూసింది నలభై, యాభై మందికి ఒకరు. అందులో పదిమందికి ఆ రోజే ఆపరేషన్ అయి ఉంటుంది. ఇద్దరికి సెలైన్ అయిపోయి ఉంటుంది, ఒకరికి వాంతులు, గేటు దగ్గర కొత్త కేసు. ఆయాసం అని మీరు వెళ్లి చెప్పినప్పుడు ఆమె ఆక్సిజన్ పెట్టింది. తన చేతిలో ఉన్నది అదే. దాంతోపాటు డ్యూటీ డాక్టర్ని పిలవాలి. అతను వచ్చి రక్త పరీక్ష పంపి, సెలైన్ పెంచి, మందులు మార్చి, ఐసీయూకి మాట్లాడాలి. పిలిచిందా, అతను ఇంకో ఆపరేషన్‌లో ఉన్నాడా, ఐసీయూలో పడక ఉందా — ఈ మూడింట్లో ఎక్కడో గొలుసు తెగింది. సోమవారం నాటి సర్జన్ చేతిలో కంటే మంగళవారం నాటి ఆ మూడు ప్రశ్నల్లోనే మీ నాన్న చావు ఉందని నా అభిప్రాయం.

అందుకే తమ్ముడికి ఒక మాట. అతని కోపం న్యాయమైనదే. "పేదవాళ్లమని పట్టించుకోలేదు" అన్నదాంట్లో నిజం ఉంది, అయితే ఆ నిజం ఒక మనిషి మనసులో కాదు, ఆ వార్డు నడిచే తీరులో ఉంది. డబ్బున్నవాడి మంచం పక్కన రాత్రంతా మానిటర్ మోగుతుంది, పేదవాడి మంచం పక్కన కూతురు కూర్చుంటుంది. కోపంతో ఆస్పత్రికి వెళ్లి ఎవరి మీదా చెయ్యి చేసుకోవద్దని గట్టిగా చెప్పండి. 2008లో వచ్చిన చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడుతుంది. ఆ దెబ్బలు తినేది కూడా ఎప్పుడూ చిన్న డాక్టర్లు, సిస్టర్లే. వార్డులో మనుషుల్ని నింపకుండా ఉంచినవాళ్లు అక్కడ దొరకరు.

కేసు కంటే ముందు కాగితాలు. సూపరింటెండెంట్ పేరు మీద దరఖాస్తు పెట్టి, నాన్న కేస్ షీట్ మొత్తం నకలు కావాలని అడగండి. వైద్య మండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకోండి. రికార్డులు మూడేళ్లు దాచాలన్నది నియమం కాబట్టి ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వాస్పత్రి కనుక సమాచార హక్కు చట్టం కింద విడిగా ఇంకో దరఖాస్తు వెయ్యొచ్చు. అందులో "మా నాన్నని ఎందుకు చంపారు" అని అడిగితే జవాబు రాదు. ఇలా అడగమనండి: ఆ మంగళవారం రాత్రి ఆ వార్డులో ఎంతమంది రోగులున్నారు, డ్యూటీలో ఎంతమంది నర్సులున్నారు? డ్యూటీ డాక్టర్‌కి కబురు వెళ్లిన సమయం, వచ్చిన సమయం ఏమిటి? ఐసీయూలో ఆ రాత్రి ఎన్ని పడకలు ఖాళీ ఉన్నాయి? ఈ మరణాన్ని ఆస్పత్రి సమీక్షించిందా, సమీక్షిస్తే ఏం తేలింది? ఈ ప్రశ్నల్ని "తెలియదు" అని తోసేయడం వాళ్లకి కష్టం.

కోర్టు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు వినియోగదారుల చట్టం కిందికి రావని 1995 నాటి వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ఇంకో డాక్టరు స్వతంత్రంగా ఆ మాట చెప్పాలి అని 2005 నాటి జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. రెండు రోజుల ఆలస్యంతో వచ్చిన చిల్లు కేసులో, పోస్ట్‌మార్టం కూడా జరగకపోతే, ఆ మాట చెప్పే డాక్టరు దొరకడం కష్టం. తమ్ముడు ఉన్న కాస్త డబ్బూ వకీలుకి పోసి ఏళ్లతరబడి తిరుగుతాడని నా భయం. కేస్ షీట్ వచ్చాక ఒక సర్జన్‌కి చూపించి, అప్పుడు నిర్ణయం తీసుకోమనండి. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేసే దారి ఎలాగూ ఉంది.

నేను మాత్రం ఆ దరఖాస్తుని కేసు కన్నా పెద్దదిగా చూస్తాను. ప్రపంచంలో ఏటా 42 లక్షల మంది ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు పోతున్నారని 2019లో ఒక అంచనా వచ్చింది. ఎయిడ్స్, క్షయ, మలేరియా మూడూ కలిపినా అంతమంది పోరు. అందులో సగం మంది మనలాంటి దేశాల వాళ్లే. అయినా మీ జిల్లాలో నిరుడు ఎన్ని ఆపరేషన్లయ్యాయి, తర్వాత ఎందరు పోయారు అని అడిగితే అంకె చూపించే కాగితం ఉండదు. బ్రిటన్‌లో ఆపరేషన్ తర్వాతి మరణాల మీద గోప్యంగా విచారించి మొదటి నివేదిక 1987లోనే వేశారు. ఎవర్నీ శిక్షించడానికి కాదు, ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి. అనుభవం లేని జూనియర్లు రాత్రిపూట ఒంటరిగా ఆపరేషన్లు చేస్తున్న సంగతి అలాగే బయటికొచ్చింది. మన దేశంలోనే కాన్పు మరణాలకి ఆ పద్ధతి ఉంది. కేరళలో గైనకాలజిస్టులు 2004 నుంచి ఒక్కో తల్లి మరణాన్నీ విడిగా కూర్చుని చూస్తున్నారు. మీ నాన్నలాంటి వాళ్ల మరణాలకి కూడా అలా కూర్చునే గది ఒకటి ప్రతి పెద్దాస్పత్రిలో ఉండాలి. ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అడిగాను. రోగి ఇంటివాళ్లు అడిగితే ఆ మాటకుండే బరువు వేరు.

ఇప్పుడు అమ్మ. ఆవిడ మాటకి కోపం తెచ్చుకోకండి, ఆ భయం సహజం. కానీ ఆవిడకి చెప్పాల్సింది ఇది: నాన్నది నిప్పంటుకున్న ఇంట్లోంచి మనిషిని లాగడం, మీది పగటిపూట ఇల్లు మరమ్మతు చేయించుకోవడం. ముందే తేదీ వేసుకుని, షుగర్ అదుపులో పెట్టుకుని, చిన్న రంధ్రాల ద్వారా గాల్ బ్లాడర్ తీయించుకుంటే ప్రాణాపాయం వెయ్యికి ఒకరు, అటూఇటూ. రాళ్లున్న అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి ఎప్పుడూ రాకపోతే వదిలేయొచ్చు. మీ అమ్మకి రెండుసార్లు వచ్చింది. ఇక అది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఒకరోజు చీము పట్టో, రాయి జారి కామెర్లో, క్లోమం వాపో వస్తే అర్ధరాత్రి ఎమర్జెన్సీగా పరుగెత్తాలి. అదీ షుగర్ ఉన్న ఒంటితో. నాన్న విషయంలో మన చేతిలో లేకపోయింది టైము. అమ్మ విషయంలో ఇప్పుడు అదే మన చేతిలో ఉంది.

ఎక్కడ చేయించాలి? బోర్డు చూసి ఎంచుకోవద్దు. ఆరోగ్యశ్రీ గానీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ గానీ వర్తించే ఆస్పత్రుల్లో చూడండి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా. సర్జన్ పేరు అందరూ అడుగుతారు. మీరు రాత్రి గురించి అడగండి. ఆపరేషన్ రోజు రాత్రి డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? మత్తు ఇచ్చేది చదివిన మత్తు డాక్టరేనా? అవసరమైతే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? పరిస్థితి తేడా చేస్తే ఏ ఐసీయూకి మారుస్తారు? ఇవి అడిగితే చిరాకు పడే చోట నేనైతే మా ఇంటివాళ్లని చేర్చను. ఒకేరోజు పదుల సంఖ్యలో ఆపరేషన్లు వరసపెట్టి చేసే క్యాంపులకి అసలు వెళ్లొద్దు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు పోయారు. జబ్బే లేని, ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్లు వాళ్లు. హడావుడి ఎక్కువైన చోట పరికరాలు శుభ్రం చేసే టైము తగ్గుతుంది, అప్పుడు ఇన్ఫెక్షన్ దారి చూసుకుంటుంది.

ఇంకొకటి కూడా అడగొచ్చు, "చెక్‌లిస్ట్ వాడతారా" అని. మత్తుకి ముందు, కోతకి ముందు, థియేటర్ నుంచి బయటికి తెచ్చే ముందు — మూడుసార్లు ఆగి, పేరు, ఆపరేషన్, అలర్జీ, యాంటీబయాటిక్, గుడ్డల లెక్క గట్టిగా చదివి సరిచూసుకునే 19 అంశాల కాగితం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఒక్క కాగితం!

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు అడిగేవాటికి అమ్మ అబద్ధం చెప్పకుండా చూసుకోవడం మీ పని. ఇది చిన్న విషయం కాదు. ఒకసారి హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన పెద్దాయన పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదన్నాడు. భార్య తలూపింది. మత్తు సూది ఇవ్వబోతుంటే చొక్కా మీద చట్నీ మరక కనబడింది. రెండు ఇడ్లీలు, కాఫీ. నీరసపడతాడని ఆమే పెట్టింది, ప్రేమతో. మత్తులో ఆ ఇడ్లీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటే నేను కాపాడలేకపోయేవాడిని. తిండికి, పాలకి, కాఫీ టీలకి ఆరు గంటలు ఎడం ఉండాలి. వట్టి మంచినీళ్లు సాధారణంగా రెండు గంటల ముందు వరకు ఫరవాలేదు. అయినా డాక్టరు చెప్పిన టైమే పాటించండి. షుగర్ మాత్రలు ఆ రోజు వెయ్యాలా వద్దా, రక్తం పలచన చేసే మాత్రలున్నాయా, నాటు మందు ఏమైనా వాడుతోందా, అన్నీ చెప్పండి. వేసుకునే బిళ్లల అట్టలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, పేర్లు గుర్తుండక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక మీరు ఆవిడ పక్కనుంటారు కాబట్టి ఒక పని నేర్పుతాను. గంటకోసారి అమ్మ పొట్ట మీద మెల్లగా చెయ్యి పెట్టండి. ఫోన్లో నిమిషం చూసుకుంటూ ఊపిరి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 12 నుంచి 20 మధ్య ఉంటే మంచిది. 25 దాటి అలాగే ఉంటే ఆగొద్దు. బీపీ పడకముందే, జ్వరం రాకముందే చాలాసార్లు ఊపిరి చెప్పేస్తుంది. మన కేస్ షీట్లలో అన్నిటికంటే ఎక్కువ అబద్ధంగా రాసే అంకె కూడా అదే. మూత్రం సంచీలో ఎంత వచ్చిందో చూడండి. మాట తడబడుతోందా, మనిషి ఏదో లోకంలో ఉన్నట్టుందా చూడండి. తేడా ఉంటే "అమ్మకి బాగాలేదు సిస్టర్" అని చెప్పొద్దు, అది ఆ రాత్రి ఆమె విన్న ముప్పయ్యో మాట అవుతుంది. "12వ మంచం. ఊపిరి నిమిషానికి 30. ఎనిమిదింటి నుంచి మూత్రం రాలేదు. డ్యూటీ డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేయండి, నేను ఇక్కడే నిలబడతాను" అనండి. అంకె వింటే ఎవరైనా తల ఎత్తుతారు. పావుగంటలో ఎవరూ రాకపోతే మీరే డ్యూటీ రూముకి వెళ్లండి, మొహమాటపడకండి.

ఇది రాస్తుంటే నాకు సిగ్గుగానే ఉంది. ఈ లెక్క పెట్టాల్సింది మీరు కాదు. జీతం తీసుకున్న మేము, సరిపడా మనుషుల్ని పెట్టాల్సిన ప్రభుత్వాలు. నాన్న దగ్గర మీకు ఇది తెలియకపోవడం మీ లోపం అని ఒక్క క్షణం కూడా అనుకోకండి. మీకు అప్పగించకూడని పని అది.

చివరగా ఆ నీళ్ల మాట. మన ఇళ్లలో పోయేవాళ్ల గొంతులో నీళ్లు పొయ్యలేకపోతే అది జన్మంతా వెంటాడుతుంది, నాకు తెలుసు. అయితే సోమవారం సాయంత్రం మీ నాన్న పోతున్న మనిషి కాదు, కోలుకోవాల్సిన మనిషి. కడుపులో అతుకు వేసి పన్నెండు గంటలే అయింది. నీళ్లు లోపలికి వెళ్తే ఆ అతుకు మీద పడతాయి, పని చెయ్యని పేగులు వాటిని వాంతిగా తిప్పికొడతాయి, ఆ వాంతి ఊపిరిలోకి పోవచ్చు. ఒంటికి కావాల్సిన నీరు చేతికి పెట్టిన సెలైన్‌లో వెళ్తోంది. అప్పుడు వేసే దాహం నోరు ఎండటం వల్ల, ముక్కులో గొట్టం వల్ల. దానికి మేం చేసేది కూడా తడి దూది తీసుకుని పెదాలు, నాలుక తుడవడమే. అంతకు మించి మా దగ్గరా ఏమీ ఉండదు. మీరు తడిగుడ్డ పెట్టారు కదా. ఆ సాయంత్రం ఆయన దాహానికి అదే మందు, అది మీ చేత్తోనే అందింది.